పొడుగు కయాక్ ఎవరికి

ఏటి గట్టున కయాక్‌లు (కాళ్ళు చాపి కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న పడవలు) అద్దెకిచ్చే షెడ్డు నడుపుతున్న నేను, నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నిలకడ లేనిది నా కాళ్ళకే. ఈ ఒక్క వాక్యం రాసేలోపే లేచి వెళ్ళి నీళ్ళు చూసి వచ్చాను. పోటు వస్తోంది, గాలి ఇంకా లేవలేదు. ఇలాంటి పూట కూర్చుని ఆస్తి పంచడం నాకు శిక్ష.

మా అత్తవారింట పడవలు వయసును బట్టి పంచేవారు. పెద్దవాడికి పొడుగుది, చిన్నవాళ్ళకు పొట్టిది. ఆ పద్ధతిలో చిన్న కోడలినైన నాకు పిల్లల కయాక్ దక్కింది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. పొడుగుదాన్ని మా బావగారు ఇంటి దూలాలకు వేలాడదీసి, దానిమీద తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. కప్పు కురిసి బాగుచేయించవలసి వచ్చినప్పుడు గానీ అది కిందికి దిగలేదు, నా చేతికి రాలేదు. ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ ఉంది. పోయినవాళ్ళ గురించి అలా రాయకూడదనుకుంటే ఈ మాట వదిలేసి చదువుకోండి.

నా పద్ధతి వేరు. షెడ్డుకు ఎవరొచ్చినా ముందు నేల మీద కాళ్ళు చాపి కూర్చోమంటాను. నడుము, మోకాళ్ళు, కుదురు చూసి కయాక్ ఇస్తాను. మావాళ్ళనూ అలాగే చూశాను. కాబట్టి నా తదనంతరం:

1. నా పెద్దకొడుక్కి, వెడల్పాటి చేపలవేట కయాక్. గాలం కర్రలకూ టిఫిన్ డబ్బాకూ అందులో చోటుంది. వీడు పొడుగుదాని మీద కన్నేశాడు. "పెద్దవాణ్ణి నేనుండగా అది ఇంకెవరికి పోతుందమ్మా?" అని మొహం మీదే అడిగాడు. నాయనా, అది సన్నది. ఆగితే ఊగుతుంది, నడిస్తేనే కుదురుకుంటుంది. నువ్వు నీళ్ళ మీద కూడా కుర్చీ వెతుక్కునే మనిషివి. గట్టు దగ్గర మోకాలి లోతులో బోల్తా పడితే నవ్వుకున్నాం. ఏరు సముద్రంలో కలిసే చోట పడితే నవ్వే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రేమ తక్కువై కాదు, భయం ఎక్కువై ఇవ్వడం లేదు.

2. నా తమ్ముడికి, ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతతో పాటు, గాలి కొట్టే కయాక్. వాడుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. దీన్ని మడిచి సంచిలో పెట్టి భుజాన వేసుకోవచ్చు. పంపు కూడా ఇస్తున్నాను. పౌరుషానికి పోయి నోటితో ఊదవద్దు, కిందటిసారి కళ్ళు తిరిగి పడ్డావు.

3. నా అల్లుడికి, ఇద్దరు కూర్చునే కయాక్, ఒక షరతు మీద. ఇంతకాలం ముందు సీట్లో కూర్చుని ఫోటోలు తీశాడు. వెనక సీట్లో చుక్కానీ, తెడ్డూ, అతని బరువూ అన్నీ నా కూతురివే. ఇకమీదట వెనక సీటు అతనిది, ముందు సీటూ కెమెరా మనవరాలివి. మనిషి మంచివాడే. ఒడ్డు చేరాక నా కూతురి భుజాలకు మందు రాసేది అతనే. నొప్పి ఎందుకొస్తోందని మాత్రం ఇంతవరకు అడగలేదు.

4. నా కూతురికి, పొడుగు కయాక్, సర్వహక్కులతో. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు, అన్నతో సహా. నా షెడ్డు నేల మీద కూర్చున్న వాళ్ళందరిలో అంత కుదురైన మనిషిని నేను చూడలేదు. తీసుకోమంటే, "నాకెందుకమ్మా, ఆయన్ని ఒక్కణ్ణీ గట్టున వదిలి ఎక్కడికి పోతాను?" అంది. అంటూనే దాని అంచును చేత్తో నిమిరింది. ఆ చెయ్యి చూసినప్పటి నుంచి నాకు కుదురు లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాను. నేను గట్టి ప్రాణాన్ని, ఇప్పట్లో పోయే రకం కాదు. నేను పోయేదాకా ఆగితే అప్పటికి నా కూతురి భుజాల్లో ఏం మిగులుతుంది?

సాక్షులు వచ్చారు. వాళ్ళకు కుర్చీలు వేసి మళ్ళీ నీళ్ళు చూసి వచ్చాను. నా కూతురు గట్టున నిలబడి మొగుడి లైఫ్ జాకెట్ బిగిస్తోంది. తనది ఇంకా వేసుకోలేదు. అది చూశాక ఇక కూర్చోవడం నావల్ల కాదు.

5. కాబట్టి నాలుగో అంశాన్ని రద్దు చేస్తున్నాను. సాక్షుల ఎదుటే అడ్డంగా గీత కొట్టాను. పొడుగు కయాక్ ఇప్పుడే, నా చేతుల మీదుగా, నా కూతురికి ఇచ్చేస్తున్నాను. వీలునామాలో పెట్టడానికి అది ఇక నా ఆస్తి కాదు. అమ్మాయికి తోడుగా నేను నా పాత పొట్టిదానిలో వెళతాను, మోకాళ్ళు ఎక్కడ తగిలినా సరే. ఆ పొట్టిది ఎవరికీ రాయలేదేమని అడగవద్దు. నాకింకా దానితో పనుంది.

తేదీ: మే నెల మొదటి ఆదివారం, పోటు నిండే వేళ.

(సంతకం) షెడ్డు అమ్మ

సాక్షులు:
1. పక్క కొట్లో తాళాలు బాగుచేసే మనిషి.
2. పడవలకు రంగులు వేసే పెయింటరు. తడిచేత్తో సంతకం పెట్టినందుకు మన్నించాలి, పొడుగుదాన్ని నీళ్ళలోకి దించి వచ్చాను. అమ్మాయిగారు ఎక్కారు. అల్లుడుగారి జాకెట్‌కు మిగిలిన పట్టీ నేనే బిగించాను.