ఎన్ని అడుగులకు పడినాయి?

సోమవారం, రాత్రి

మా ఆయన ఈరోజే ఇంజనీరు ఉద్యోగంలో చేరారు. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీ. ఈ ఎడారి ఊరంతా ఆ నీళ్ళే తాగుతుందట. వంటింట్లో కొళాయి తిప్పి దోసిలి పట్టి తాగాను. ఉప్పు తగల్లేదు! అంత సముద్రం నాలుగో అంతస్తుదాకా ఎలా ఎక్కి వచ్చిందో...

సాయంత్రం కదిరి నుంచి నాయన ఫోన్ చేశాడు.

"ఆడ నీళ్ళు ఉండాయామ్మా?"

"శానా ఉండాయి నాయనా."

"ఎన్ని అడుగులకు పడినాయి?"

మా చేలో మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. నాయనకు నీళ్ళంటే అడుగుల లెక్కే.

"బోరు కాదు నాయనా, సముద్రమే."

నాయన నవ్వాడు.

"అయితే ఇంక నువ్వు ఈడికి రావులే."

వస్తానని అనాల్సింది. ఎందుకో అనలేదు.