మన ఆవుల వెన్న

తారనాకి, న్యూజిలాండ్
జూన్ 1948

అమ్మా ఏవిస్, నేను కులాసా, బెంగ వద్దు.

యుద్ధమైపోయి మూడేళ్లయినా ఇక్కడ వెన్న ఇంకా రేషను కూపన్ల మీదే ఇస్తున్నారు. తక్కినదంతా సర్కారు కొని మీ ఇంగ్లండుకి ఓడెక్కిస్తోంది. మీ అమ్మ పోయాక ఒక్కడికి వెన్నెందుకని, నీకు చేరుతుందని, నా కూపన్లు కూడా పాల ఫ్యాక్టరీలో తిరిగిచ్చేశాను. అక్కడ మన పాలు తూకం చూసే విల్ఫ్ నవ్వాడు. "పిచ్చి పెద్దాయనా, అక్కడ అందరి వెన్నా ఒకే ముద్ద చేసి సర్కారు ధరకి అమ్ముతారంట. మీ అమ్మాయి ఇంటికే పోద్దని నీకెవరు చెప్పారు?" కూపన్లు అతని దగ్గరే వదిలి వచ్చేశాను.

అల్లుడికి దగ్గు తగ్గిందా? పిల్లవాడి పాదం కాగితం మీద గీసి పంపు, మేజోళ్లు అల్లిస్తాను. మన గడ్డికి వెన్న పసుపుగా వస్తుంది కదా, నీకిచ్చేది ఏ రంగో చూడు. తెల్లగా ఉంటే ఆ మాట వదిలేసి, మిగతా సంగతులు రాయి.

మిమ్మల్ని దేవుడు చల్లగా చూడాలి.

నాన్న