పదికి ఒక బిళ్ల కొసరు

అక్కా, నీ ఫోను పలకలేదని కార్డు రాస్తా ఉండా. ఈడ అందరం బాగుండాం, దిగులు పడొద్దు.

నువ్వు పాకాల బళ్లో లెక్కలు చెప్తావు కదా, నాకొకటి అర్థం కావడం లేదు. మన చంద్రగిరి అంగట్లో కొయ్యబొమ్మలతో పాటు పిల్లోళ్లకు లెక్కలు నేర్పే కొయ్యబిళ్లలు కూడా పెట్టినా. పొట్లానికి పది బిళ్లలు. వడమాలపేట బడికి మొదటి బేరం కదా అని, మన అలవాటు కొద్దీ ప్రతి పొట్లంలో ఒక బిళ్ల కొసరు వేస్తిని.

నిన్న ఆ బడి రమామణి టీచరు అంగడికే వచ్చేసింది. "ఏం తల్లీ ఎస్తేరూ, రెండు పదులు ఎంతరా అంటే ఇరవై రెండంటారు పిల్లోళ్లు! కాదంటే పొట్లాలు విప్పి నా ముందరే ఎంచి సూపిస్తారు!"

"అది కొసరు టీచరమ్మా, ఊరికే ఇచ్చినా."

"లెక్కల్లో కొసరేందమ్మా! వచ్చే సోమవారం నువ్వే వచ్చి ఎక్కువ బిళ్లలు ఏరుకోని పో. లేదంటే అన్నీ ఎనక్కి పంపేస్తా."

తక్కువ వేసుంటే తిట్టాల గానీ, ఎక్కువ వేస్తే తప్పెట్లయితాదక్కా? ఇచ్చిన కొసరు పిల్లోళ్ల చేతుల్లోంచి ఎట్ల లాక్కునేది?

నాయన మోకాలు నొప్పి తగ్గిందా? కొత్త చింతపండు ఉంటే కొంచెం పంపు.

ఎక్కువ బిళ్ల ఎనక్కి తీసుకోని, దాని బదులు పొట్లానికి ఒక బొంగరం ఇద్దామనుకుంటా ఉండా. అప్పుడు రెండు పదులు ఎంతరా అంటే, ఇరవై బిళ్లలు, రెండు బొంగరాలు అంటారేమోనని భయంగా ఉండాది. ఆదివారం చర్చికొచ్చేవాళ్లతో ఏదో ఒకటి చెప్పి పంపు.

నాయనకు, పిల్లోళ్లకు ప్రభువు తోడుండాల.

నీ చెల్లెలు
ఎస్తేరు