బోరు నీళ్ళ సీసా పంపు

అక్కా, నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. ఫోన్‌లో చెబితే మరిచిపోతావని కార్డు రాస్తున్నాను.

యూనివర్సిటీలో నేను చూసుకునే తొట్టిలో పోయిన వారం పదకొండు చేపలు చచ్చిపోయాయి. తప్పు నాదే. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని, మేం తాగే ఆర్వో మిషన్ నీళ్ళు తొట్టి నిండా పోశాను. మనకు మంచివైతే వాటికీ మంచివే అనుకున్నాను. చేపకు కావలసిన లవణాలు ఆ నీళ్ళలో ఉండవట. మా ల్యాబు చూసే అమల మేడం తిట్టలేదు. "నీళ్ళు సాఫ్ ఉంటే సరిపోదు పరశురాం, ఎవరికోసమో చూడాలె. ముందుగాల టెస్టు చెయ్యాలె గదా" అన్నది.

అప్పుడు మీరే గుర్తొచ్చారు. మీ ఇంటికని తార్నాకలో బొగ్గు ఫిల్టరు చూసి పెట్టాను. అది వాసన తీస్తుంది గానీ ఫ్లోరైడ్ తీయదట. మీ బోరు నీళ్ళలో అదే ఎక్కువుందేమోనని నా అనుమానం. మీకు ఆర్వోనే కావాలేమో. కొనేముందు పరీక్ష చేయిస్తాను, మీ బోరు నీళ్ళు ఒక లీటరు, కడిగిన సీసాలో, శనివారం బస్సు కండక్టరుకిచ్చి పంపు. కాచినా ఫ్లోరైడ్ పోదు, పళ్ళనూ ఎముకలనూ పట్టేస్తుందట. అందాకా భూమికకు బడి నల్లా నీళ్ళే తాగించు, అవి నది నుంచి వచ్చేవి. దాని పళ్ళ మీద గార ఇంకా పెరిగిందా? బావకు నా నమస్కారం.

పోయినసారి కాళ్ళు గుంజుతున్నాయని పిల్ల అంటే, ఆటలెక్కువై అన్నావు. నేనూ నవ్వాను. చేపలు చెప్పలేకపోయాయి అక్కా. పిల్ల చెబుతూనే ఉంది.

నీ తమ్ముడు
పరశురాం