ఐదక్షరాలు, ఆర్, టీ

5, సోమవారం. ఉదయం 6.10
అమ్మడూ, ముందే చెప్తున్నా. నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. తప్పులు బోలెడు. ఊరి బడిలో అయిదో తరగతితో ఆపేసిన చదువు నాది. సర్దుకుని చదువుకో.
నువ్విచ్చిన డైరీ ఇది. రోజూ రాయమన్నావు, ఆదివారం వచ్చి చూస్తానన్నావు. రాస్తున్నా!
17, శనివారం మీ స్కూల్లో మాటల పోటీ. పెద్దవాళ్లొకరు, పిల్లలొకరు, జంటగా. ఇంగ్లీషు మాట చెప్పాలి. ఐదక్షరాలుండాలి. అందులో ఆర్, టీ రెండూ ఉండాలి. ఇంగ్లీషు దంచేసే, మీ నాన్న వైపు హెడ్ క్లర్కు తాతని వదిలేసి, మిషను తొక్కుకునే నేనెందుకు అన్నానా?
"ఆ తాతయ్య అన్నీ తనే చెప్పేస్తారు. నువ్వైతే నన్ను చెప్పనిస్తావు" అన్నావు.
అది విన్న సంబరంలో ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను.
శపథం: షాపు తెరిచేలోపు రోజుకు పది మాటలు. పన్నెండు రోజులు. నూట ఇరవై!

6, మంగళవారం. ఉదయం 7.00
అప్పుడే పద్నాలుగు! కిలోమీటరు. థర్మామీటరు. టైపురైటరు. ఎలిమెంటరీ. వేళ్ల మీద లెక్కపెట్టా. ఒక్కోటీ సరిగ్గా ఐదు. ర ఉంది, ట ఉంది. ఇంగ్లీషంటే ఇంతేనా! ఇన్నేళ్లూ ఊరికే భయపడ్డా.
మీ అమ్మమ్మ వంటింట్లోంచి, "వాటరు రాసుకోండి" అంది.
"వా, ట, రు. మూడే. నీకు లెక్క రాదు" అన్నా.

8, గురువారం
ముప్పై ఒకటి. ఒక్కచోట పేచీ వచ్చింది. ఫోటోగ్రాఫర్. చివరి పొల్లును లెక్కేస్తే ఐదు, వదిలేస్తే నాలుగు. ఎదురు కొట్లో చెప్పులు కుట్టే ఆయన్ని అడిగా.
"పొల్లు మాత్రం అక్షరం కాదా మాస్టారూ? పాపం, అదీ బతకాలిగా!" అన్నాడు.
లెక్కేశా.

11, ఆదివారం. మధ్యాహ్నం
నవ్వావు. నేల మీద కూలబడి నవ్వావు. ఎక్కిళ్లొచ్చాయి, నీళ్లు తాగించాం.
"తాతయ్యా! తెలుగులో కాదు, ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టాలి! కిలోమీటరుకి తొమ్మిది!"
నేను ఇంకా వేళ్లు ముడుస్తూ కి, లో, మీ అంటున్నా.
"యాభై ఏళ్లుగా నువ్వు కుట్టేదేంటి?" అన్నావు.
"షర్టు. రెండక్షరాలు."
"ఎస్, హెచ్, ఐ, ఆర్, టీ."
మళ్లీ లెక్కపెట్టా. ఐదే!
వాటరు కూడా ఒప్పేనట. ఇక మీ అమ్మమ్మ ఊరుకుంటుందా? సాయంత్రం దాకా "వాటరు కావాలా, లెక్కల మాస్టారూ?" అంటూనే ఉంది.
నా నలభై మాటలూ కొట్టేశావు. ఫర్వాలేదు. ఇంకా టైముంది. రోజుకు పది కాదు, మూడు.

12, సోమవారం
వాటరు, షర్టు, స్కర్టు. మొదటి రెండూ నిన్నటివే అనుకో. రేపు కొత్తవి మూడు.

13, మంగళవారం
యూనిఫాంల పని నెత్తి మీదుంది. రేపు ఆరు.

14, బుధవారం. ఉదయం
మంచి ఉపాయం తట్టింది! కత్తిరించిన గుడ్డ మీద సుద్దతో మాట రాసి, కుడుతూ చదువుకోవడం. తుడిస్తే పోతుంది.
సాయంత్రం 5.30
లాయరుగారి ప్యాంటు మీద షార్ట్ అని రాశా. ఎస్, హెచ్, ఓ, ఆర్, టీ. అన్నీ కుదిరాయి. తుడవడమే మర్చిపోయా. ఆయన ప్యాంటు తెచ్చి బల్ల మీద పడేశారు.
"పొట్టి అని నువ్వే రాసి, నాకే ఇస్తావా?"
"పొట్టి కాదండీ. అది మాట."
"ఏం మాట?"
చెబ్దామనే అనుకున్నా. కానీ టేపు పెట్టి చూపించా, కొలత సరిగ్గానే ఉంది. అయినా ఇంకో అంగుళం వదలమని వెళ్లారు.
ఇవాళ్టి మాటలు: ఒకటి.

15, గురువారం
మీ హెడ్ క్లర్కు తాత బొత్తాం వంకతో వచ్చారు.
"బావగారూ, అక్కడ మైకులో చెప్పాలి, తెలుసా? రెండొందల మంది ఉంటారు. 'చెయ్యి ఎత్తండి, ఊపిరి వదలండి' అని కొలతలు తీస్తే కుదరదు!"
ఆయన నవ్వారు. నేనూ నవ్వా. బొత్తాం వేరే వాళ్ల చొక్కాకి కుట్టా.
మాటలు: సున్నా.

16, శుక్రవారం
నడుము పట్టేసింది అమ్మడూ. లేవలేకపోతున్నా. రేపు మీ హెడ్ క్లర్కు తాతని తీసుకెళ్లు. ఫోను చేయించా. ఆయనైతే గెలిపిస్తారు.
"నడుము పట్టేసినాయన పొద్దున్నే స్టూలెక్కి బల్బెలా మార్చారో!" అంది మీ అమ్మమ్మ.


17, శనివారం. సాయంత్రం 4.00
కప్పొచ్చిందట! మీ అమ్మ ఫోను చేసింది. మీ హెడ్ క్లర్కు తాత పదకొండు మాటలు చెప్పారట.
"మరి అమ్మడు?" అన్నా.
"దానికి మైకే అందలేదు నాన్నా."
షాపు మూసేశా.

18, ఆదివారం
మీ అమ్మ ఒక్కతే వచ్చింది. నీకు హోంవర్కు ఉందంది.
నా నడుముకేం కాలేదు అమ్మడూ. మైకంటే భయమేసింది. పదకొండు మాటలు చెప్పమని నువ్వు నన్ను అడగలేదు. పక్కన నిలబడి నిన్ను చెప్పనిస్తే చాలన్నావు. అదీ చెయ్యలేకపోయా.
కొత్త శపథం. రోజుకు ఒక్క మాట. ఇంగ్లీషు అక్షరాలతోనే. వచ్చే ఏడు పోటీకి వస్తా. మైకు నీ చేతిలో పెట్టి, నీ పక్కన నిలబడతా.
మొదటి మాట ఇవాళే. సారీ. ఎస్, ఓ, ఆర్, ఆర్, వై. ఐదే, రెండుసార్లు లెక్కపెట్టా. ఆర్ రెండున్నాయి. టీ లేదు. మీ రూలు ప్రకారం చెల్లదు.
చెల్లుతుందో లేదో నువ్వే చెప్పు. కింద సగం పేజీ వదిలా. డైరీ మీ అమ్మ చేతికిస్తున్నా. తొందరగా జవాబు రాసి పంపు.