పొమ్మంటే అలిగే టూల్‌బార్

మార్చి 3, సోమవారం

డైరెక్టరీ వాళ్ళ మెయిల్ వచ్చింది. సాఫ్ట్‌వేర్లన్నీ వరసగా పేర్చి, జనం డౌన్‌లోడ్ చేసుకోడానికి పెట్టే సైటు అది. మా సరుకంతా ఆ ఒక్క అంగట్లోంచే పోతుంది. ఇకమీదట వాడేవాళ్ళకి పెద్దగా ఉపయోగపడని బ్రౌజర్ టూల్‌బార్లని ఉంచరట. మాది కూడా తీసేస్తారట.

ఉపయోగపడని అన్న మాట దగ్గర ఆగాను. నిజం చెప్పాలంటే మాది బ్రౌజర్ నెత్తిన ఎక్కి కూర్చునే పట్టీ. అందులో వెతుక్కోడానికి ఒక గడి. అలాంటి గడి బ్రౌజర్‌లో ఎలాగూ ఉంది. అంటే ఒకరింటి గుమ్మం ముందు మేం ఇంకో గుమ్మం కట్టాం. దాటే ప్రతివాడికీ ఒక ప్రకటన చూపిస్తాం. దాని మీదే తింటున్నాం.

కింద టైర్ల కొట్టు, పైన మా ఆఫీసు. నేను కోడ్ రాస్తాను, నా బావమరిది అమ్ముతాడు, డిజైనర్ అమ్మాయి రంగులేస్తుంది. మెయిల్ చదవగానే బావమరిది, ఇది దౌర్జన్యం బావా అని కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో గుర్తురాక మళ్ళీ కూర్చున్నాడు.

మార్చి 4, మంగళవారం

డెవలపర్ల ఫోరమ్ అంతా ఏడుపులే. ఒకాయన వాక్‌స్వాతంత్ర్యం అన్నాడు. ఇంకొకాయన తన టూల్‌బార్ పేరు రాత్రికి రాత్రి 'సహాయకుడు' అని మార్చేశాడు. ఇష్టం లేనివాళ్ళు తీసేసుకోవచ్చుగా, మేమేమైనా కట్టేశామా అని మూడో ఆయన. దాని కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. దొంగల సంఘం తాళంకప్పల్ని ఖండించినట్టుంది.

నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను.

మార్చి 6, గురువారం

అప్పీలు చేసుకోవచ్చట. దానికో షరతు. కంపెనీకి సంబంధం లేని మనిషి ఒకరు మా టూల్‌బార్‌ని తమంతట తాము తీసేస్తుండగా వీడియో తీసి పంపాలి. టూల్‌బార్ ఎవరిదో ఆ మనిషికి చెప్పకూడదు. పక్కనుంచి సాయం చెయ్యకూడదు. గడువు వచ్చే గురువారం.

బావమరిది, ఇంతేనా అన్నాడు. డిజైనర్ అమ్మాయి నా వైపు చూసి తల దించుకుంది. తీసేసేటప్పుడు ఏమొస్తుందో మా ఇద్దరికే బాగా తెలుసు.

మార్చి 9, ఆదివారం, సాయంత్రం

పైవాటాలో మా అన్నయ్యా వదినా ఉంటారు. వదిన ఇంటర్నెట్లో కుట్టు డిజైన్లు చూసుకుంటుంది. నేను కంప్యూటర్లో ఏదో చేస్తానని తప్ప ఏం చేస్తానో ఆమెకి తెలీదు. ఎవరిదో కంపెనీ పరీక్ష వదినా, కాస్త సాయం చెయ్యి అన్నాను.

మా టూల్‌బార్ ఎక్కిద్దామని ఆమె లాప్‌టాప్ తెరిచాను. అక్కర్లేకపోయింది. అప్పటికే ఉంది. దాని మీద ఇంకొకరిది, దాని మీద ఇంకొకరిది, బస్సులో సీటు మీద తువ్వాళ్ళు పరిచినట్టు. ఎప్పుడో ఆ డైరెక్టరీలోంచే ఉచిత క్యాలెండర్ వేసుకుందట. దాంతోపాటు 'ఇది కూడా కావాలి' అని ముందే టిక్కు కొట్టి ఉన్న గడిలోంచి మేం దూరాం. ఆ టిక్కు కొట్టింది నేనే. అడుగున మిగిలిన సందులో ఆమె జాకెట్టు మెడ డిజైన్ ముక్కముక్కలుగా జరుపుకుంటూ చూస్తోంది. ఉతికిన గుడ్డలా ఏడాదికేడాది ఈ తెర పొట్టిదైపోతోందయ్యా, పాతదైంది కదా అంది.

తీసెయ్యాల్సింది ఏదో చూపించి, నేను ఫోన్‌తో వీడియో మొదలెట్టాను. 'తీసేయి' నొక్కింది. మొదటి పెట్టె వచ్చింది.

"అప్పుడే పొమ్మంటున్నారా? కాసేపు కూర్చోమని కూడా అనలేదే!"

నా మాటలే. రాసిన రోజు నేనూ డిజైనర్ అమ్మాయీ కడుపుబ్బ నవ్వాం. అది పెట్టాక తీసేసేవాళ్ళు సగానికి తగ్గారు. నా హాస్యం అంత బాగా అమ్ముడుపోవడం అదే మొదలు.

వదిన కళ్ళజోడు సర్దుకుని చదివింది. అయ్యో అంది. కింద 'ఉండనివ్వండి' అని పెద్ద ఆకుపచ్చ బటన్, 'పొమ్మనండి' అని బూడిదరంగులో చిన్నది. వెతికి వెతికి చిన్నదే నొక్కింది. రెండో పెట్టె.

"మేం చేసిన తప్పేమిటో చెప్పి పంపండి."

తప్పేం లేదు నాయనా, చోటు చాలట్లేదు, అంతే అని ఆమె తెరకి జవాబు చెప్పింది. మూడో పెట్టె.

"సరే, వెళ్తాం. మనసు మాత్రం మీ దగ్గరే వదిలేసి."

వదిన చాలాసేపు చూసింది. తర్వాత ఆకుపచ్చ బటన్ నొక్కేసింది. పోనీలే, పాపం ఉండనీ, ఇంత ఇరుకులో ఇంకొకళ్ళు ఎక్కువా అంది. నేను సరిగ్గా చేశానా, నీ పరీక్ష పోలేదు కదా అని అడిగింది.

బాగా చేశావు వదినా అన్నాను.

మార్చి 10, సోమవారం

వీడియో చూసి బావమరిది గంతులేశాడు. బావా, బంగారం ఇది! తీసెయ్యమన్నా తియ్యకుండా ప్రేమతో ఉంచుకుంది, ఇంతకన్నా ఉపయోగం ఏం చూపిస్తాం, పంపెయ్ అన్నాడు. పంపితే ఆ సైటులో మా చోటు నిలబడొచ్చు. నిజంగానే నిలబడొచ్చు. లేకపోతే ఆఫీసు మూతే. ముగ్గురి బతుకులు.

మా అన్నయ్య భార్యరా ఆమె అన్నాను. మరీ మంచిది, మొహంలో ఎంత జాలి ఉందో చూడు అన్నాడు.

మార్చి 11, మంగళవారం

మెయిల్ రాశాను. వీడియో తగిలించాను. పంపలేదు.

మార్చి 12, బుధవారం, ఉదయం

వదిన మెట్ల దగ్గర ఆపింది. ఏమయ్యా, మూడు రోజులుగా నా మొహం చూడకుండా వెళ్ళిపోతున్నావు, పరీక్ష పోయిందా అని అడిగింది. లేదన్నాను. అయితే ఆ పెట్టెల్లో మాటలు నీవే కదా అంది.

నేను వంగి చెప్పులు సర్దుకున్నాను.

మొదటిది చదవగానే అనుమానమొచ్చింది, మూడోదానికి తెలిసిపోయిందయ్యా అంది. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో, మమ్మల్నిద్దర్నే సినిమాకి పంపి నిన్నింట్లో ఉంచారని ఇలాగే ఎత్తిపొడిచావు, నీకు తప్ప ఇంకెవరికొస్తుంది ఆ వంకర అంది. నవ్వుతూనే అంది. నీదని తెలిశాక ఎలా పొమ్మంటాను, నీకు అన్నం పెట్టిన చెయ్యి ఇది, ఆ బటన్ మీదకి పోలేదు అంది.

ఆకుపచ్చ బటన్‌ని పెద్దది చెయ్యమని డిజైనర్ అమ్మాయికి చెప్పింది నేనే. ఈ ముక్క వదినకి చెప్పలేదు. డైరీకి చెప్తున్నాను, ఇది బటన్లు నొక్కదు కాబట్టి.

మార్చి 13, గురువారం

వీడియో చెరిపేశాను. డైరెక్టరీ వాళ్ళకి ఒక్క వాక్యం రాశాను: మా టూల్‌బార్ వల్ల వాడేవాళ్ళకి ఉపయోగం లేదు, తీసెయ్యండి.

వాళ్ళు గంటలో తీసేశారు. ఇంత చురుకైన ఆఫీసుని నేనెక్కడా చూడలేదు.

ఇదివరకే ఎక్కించుకున్నవాళ్ళందరికీ అప్‌డేట్ ఒకటి తయారుచేశాను. పెట్టెలు లేవు, ఆకుపచ్చ లేదు. 'తీసేయి' నొక్కితే పోతుంది.

కూర్చున్న కొమ్మ నరుక్కునేవాణ్ణి కథల్లో విన్నాను బావా, ఎదురుగా చూడటం ఇదే అన్నాడు బావమరిది. వాళ్ళక్కకి ఫోన్ చేసి చెప్పాడు. మా ఆవిడ రాత్రి నాకు వడ్డించింది కానీ ఇంకొంచెం వేసుకోమనలేదు.

మార్చి 14, శుక్రవారం

డిజైనర్ అమ్మాయి వేరే ఉద్యోగం వెతుక్కుంటానంది. సారీ అమ్మా అన్నాను. మా అమ్మ లాప్‌టాప్‌లోంచి నిన్న తీసేశాను సార్, ఒక్క నొక్కుకే పోయింది అంది. బావమరిది ఇంకా రాలేదు.

మార్చి 16, ఆదివారం

ఇక అది తీసేసుకోమని పొద్దున వదినకి చెప్పాను. సాయంత్రం పైనుంచి కేక వేసింది. తీసేశానయ్యా, ఏమీ అనకుండా పోయింది, నీకు కోపమేం రాలేదు కదా అని.