నాలుగు స్తంభాలు వద్దు, బావా

బావకు నీ వెంకటేశ్వరి నమస్కారాలు. ఇక్కడ కువైట్‌లో నేను బాగున్నాను. నువ్వూ, అత్తా, మన చంద్రికా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ జాబు అందింది. ఫోన్లో అయితే సగం మాట కూడా చెప్పనివ్వవు, అందుకే నేనూ జాబే రాస్తున్నాను. మధ్యలో "ఆగు మే" అనడానికి లేదిప్పుడు!

ముందు ఇది విను. మా మామా, అదే నా యజమానురాలు, ఇల్లంతా సామాను తీయించి ఖాళీ చేయించింది! నేను ఫోటో పంపితే మనింటికీ అలాగే కట్టాలని నువ్వు మేస్త్రి ఏడుకొండలన్నకు చూపించావే, ఆ బంగారు రంగు స్తంభాల హాలుతో సహా. షాండ్లియర్ దించారు, జరీ తెరలు పీకేశారు. "ఖలాస్, ఇక చాలు వెంకటేశ్వరీ! చూసి చూసి కళ్లు మండుతున్నాయి" అంది. ఇప్పుడు తెల్లటి గోడలు, ఒక చాప, కిటికీలోంచి ఎండ. అబ్బ, ఎంత హాయిగా ఉందో! నిజం చెప్పనా, ఆ హాల్లో ఇంటివాళ్లు ఒక్కనాడూ కూర్చోలేదు. వచ్చేపోయేవాళ్లు చూడ్డానికే అది. దుమ్ము తుడిచింది మాత్రం నేను.

నేను పంపే సామాన్ల కార్గో ఎప్పుడొస్తుందని అడిగావు. రాదు. తీసేసిన సామానంతా మామా నాకే ఇచ్చింది, నేను ఇక్కడి అబ్బాసియా పేటలో ఉండే మనవాళ్లకు పంచేశాను. నా జిగేల్ చీరలన్నీ పక్కింట్లో పనిచేసే మౌలాబీకి ఇచ్చేశాను.

"పిచ్చి పట్టిందా మే నీకు? కువైట్ నుంచి ఉత్త నూలు చీరలో దిగితే ఊళ్లో ఏమనుకుంటారు?" అని అది తల కొట్టుకుంది.

అనుకోనీ! నూలు చీరలు రెండు కొన్నాను, ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో.

ఇక అసలు మాట. మన కొత్తింట్లో రెండు గదులకూ వంటింటికీ స్లాబ్ పడిందన్నావు. ముందర నాలుగు స్తంభాలూ, పైన బాల్కనీ కావాలంటే నేనింకో రెండేళ్లు ఇక్కడే ఉండాలన్నావు. నేనుండను బావా. ఇక్కడ ఉండటానికిచ్చే నా ఇఖామా కాగితం పొడిగించొద్దని మామాకు చెప్పేశాను. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. టికెట్ కూడా వచ్చేసింది! నిన్ను అడక్కుండానే చేశాను, కోప్పడితే కోప్పడు.

గోడలకు సున్నం వేయించు, చాలు. అంత పెద్ద ఇల్లు కట్టుకుని బిడ్డను ఫోన్లో చూసుకోవడం ఇక నావల్ల కాదు. చంద్రికకు నువ్వే చెప్పు, ఈసారి అమ్మ సెలవుకు రావడం లేదని, ఉండిపోవడానికే వస్తోందని.

ఇట్లు,
నీ ఇంటిది
వెంకటేశ్వరి